చిటపట కుడి ముందుకాలు

చిటపట మళ్లీ కుంటింది. ఏడాదిలో ఇది మూడోసారి. అదే కాలు, అదే గిట్ట, గిట్టలో అదే చోటు. కుడి ముందుకాలి లోపలివైపు, మడమకు కొంచెం ఇవతల, పైన చర్మం అంచు దగ్గర మొదలై నిలువునా కిందికి దిగిన పగులు. పగులు లోపల ఎర్రగా తడి. వేలు ఆనిస్తే చాలు, గుర్రం పళ్లు బయటపెడుతోంది.

చిటపట ఎర్రమట్టి రంగు ఆడగుర్రం. దానికి ముక్కు మీదే కోపం. ఈగ వాలినా అలుగుతుంది, వాలకపోయినా అలుగుతుంది, అందుకే ఆ పేరు. అయినా సరే కోడలికి అదంటే ప్రాణం. మూడేళ్ల క్రితం ఆమె మొట్టమొదట ఒళ్లో పెట్టుకున్న గిట్ట దానిదే. ఆ రోజు చిటపట ఆమె జడ కొరికింది. ఆమె మాత్రం దాని కాలు వదల్లేదు. అప్పటినుంచి ఇద్దరికీ పొత్తు కుదిరింది.

కోడలి సంగతి చెప్పాలంటే ముందు మామగారి సంగతి చెప్పాలి. ఆయన నలభై ఏళ్లుగా గుర్రాలకు లాడాలు కొడుతున్న మనిషి. కొడుకు ఆ పని అందుకుంటాడని చాలా ఏళ్లు ఎదురుచూశాడు. కొడుక్కేమో గుర్రమంటే హడల్. గుర్రం తుమ్మితే గోడ ఎక్కేరకం. చివరికి కుట్టుమిషను ముందు కూర్చుని దర్జీ అయ్యాడు. ఈ విద్య నాతోనే సరి అని మామగారు నిట్టూరుస్తున్న రోజుల్లో కొత్తకోడలు వచ్చి, "మామయ్యా, ఆ సుత్తి ఒకసారి ఇలా ఇవ్వండి" అంది. ఆయన ఇచ్చాడు. ఇరుగుపొరుగు నోళ్లు వెళ్లబెట్టారు.

మూడేళ్లలో ఆమె అన్నీ నేర్చుకుంది. కొలిమిలో ఇనుము కాల్చడం, దాగలి దిమ్మ మీద లాడం వంచడం, గిట్ట చెక్కడం, మేకు దిగగొట్టడం. ఒక్కటి మాత్రం మామగారు ఎవరికీ వదల్లేదు. లాడం వేసేముందు గిట్ట అడుగున ఆకురాయితో రెండు రుద్దులు రుద్దడం ఆయన హక్కు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ఆఖరి చేయి. కోడలు ఎంత చదునుగా చెక్కినా, "జరుగమ్మా, ఆఖరి చేయి" అని వచ్చేవాడు. సర్ సర్ మని రెండు రుద్దులు రుద్ది లేచేవాడు. అది లేకుండా ఆ గుర్రపుశాలలోని పద్నాలుగు గుర్రాల్లో ఒక్కటి కూడా గడప దాటలేదు.

గుర్రపుశాల యజమానురాలు ఒకప్పుడు లెక్కల టీచరు. ఇప్పటికీ అందరికీ టీచరమ్మే. ఆవిడ వంగి చిటపట పగులు చూసింది.

"పగులు మీద పూసిన లప్పం పాతదైపోయింది, అందుకే పట్టలేదు" అన్నాడు మామగారు.

"అది మొదటిసారి చెప్పారు" అంది టీచరమ్మ. "రెండోసారి పగులుకు బిగించిన తీగ సన్నం అన్నారు."

"నేల తడి కూడా ఉంది కదండీ. పైగా ఇది మొండిఘటం."

"నేను మాత్రం తక్కువా?" అంది ఆవిడ. "వినండి. నలభై రోజుల్లో పశువుల డాక్టరుగారు వస్తారు. ఆలోపు పైనుంచి కొత్త గిట్ట పగులు లేకుండా దిగితే సరే. మళ్లీ పగులుతోనే దిగితే దీన్ని పంపేస్తా. నొప్పితో ఉన్న జీవాన్ని కళ్లముందు పెట్టుకుని ఉండటం నావల్ల కాదు."

"ఎక్కడికి పంపుతారండీ?" అని కోడలు అడిగింది.

"అది నన్నడక్కు" అని టీచరమ్మ మొహం తిప్పుకుంది. 

గిట్ట మన గోరులాంటిదే. పగిలింది అతుక్కోదు. పైనుంచి కొత్తది దిగుతూ పాతదాన్ని కిందికి తోసుకుపోవాలి. అది కూడా నెలంతా కలిపితే చిటికెన వేలి వెడల్పు దిగదు. నలభై రోజులకు మహా అయితే ఆ వేలి వెడల్పు కొత్త గిట్ట కనిపిస్తుంది. ఆ కాస్త ముక్క నున్నగా రావాలి. చిటపట బతుకంతా ఇప్పుడు ఆ ముక్క మీద ఉంది.

మామగారు టీ తాగడానికి వెళ్లాడు. కోడలు కదల్లేదు. మూడు కారణాలు చెప్పారు, లప్పం మార్చారు, తీగ మార్చారు, అయినా మూడుసార్లూ పగిలింది. అందరూ పగులునే చూస్తున్నారు, పగిలేటప్పుడు ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు అనుకుంది. చిటపట తాడు పట్టుకుని సిమెంటు నడవలోకి మెల్లగా నడిపించింది.

నాలుగు అడుగులు వేసేసరికి ఆమె చెవులు నిక్కపొడుచుకున్నాయి. మూడు కాళ్లు 'టక్' అంటున్నాయి. కుడి ముందుకాలు మాత్రం 'ట-టక్' అంటోంది. ఒక్క గిట్టకు రెండు చప్పుళ్లు!

అంతే, ఉన్నపళంగా సిమెంటు మీద బోర్లా పడుకుంది. చెంప నేలకు ఆనించి, "రావే తల్లీ, రా" అని తాడు లాగింది.

టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. "అమ్మాయ్! పడిపోయావా?"

"లేదండీ, పడుకున్నా!"

"ఇప్పుడు నిద్రేమిటి?"

"నిద్ర కాదండీ, కాలు! కాలు చూస్తున్నా! మీరు కాస్త పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డం వస్తున్నారు!"

టీచరమ్మను పక్కకి జరగమన్నవాళ్లు ఆ శాలలో అంతవరకూ లేరు. ఆవిడ జరిగింది.

చిటపట అడుగు వేసింది. కోడలి కళ్లకు బెత్తెడు దూరంలో ఆ గిట్ట నేలకు దిగింది. లోపలి మడమ ముందు తగిలింది, ఆ తర్వాతే మిగతా గిట్ట వాలింది. ఎంతో కాదు, రెప్పపాటు తేడా. కానీ అంత గుర్రం బరువూ ఆ రెప్పపాటు లోపలి మడమ ఒక్కదాని మీదే పడుతోంది. ప్రతి అడుగుకీ అక్కడ పైకి ఒక పోటు. రోజుకు ఎన్ని వేల అడుగులు! పగలక ఏం చేస్తుంది పాపం?

కోడలు లేచి కూర్చుంది. మొగుడి దగ్గర అడక్కుండా తెచ్చుకున్న టేపు జేబులోంచి లాగింది. వెంట్రుకల అంచు నుంచి నేల వరకు బయటివైపు కొలిచింది, లోపలివైపు కొలిచింది. లోపలివైపు రెండు అగ్గిపుల్లల మందం ఎక్కువ. ఆ వైపు వెంట్రుకల అంచు కూడా పైకి తోసుకుపోయి ఉంది. మళ్లీ కొలిచింది. అదే లెక్క.

ఎగిరి గంతేసింది. "దొరికింది! దొరికిందండీ టీచరమ్మగారూ! లప్పం కాదు, తీగా కాదు, తడీ కాదు!"

ఆమె ఉత్సాహానికి పట్టపగ్గాలు లేవు. ఈ గుర్రానికే ఇలా పెరిగిందా, ఇంకేదానికైనా ఉందా చూద్దామని పక్కనున్న నల్లగుర్రం కాలు ఎత్తింది. కుడి ముందుకాలు. లోపలి మడమ ఎత్తు. ఆ పక్క తెల్లమచ్చలది. లోపలి మడమ ఎత్తు. ఆ పక్కది, దాని పక్కది, చివర కట్టేసి ఉండే ముసలిది కూడా. పద్నాలుగు గుర్రాలు, పద్నాలుగు కుడి ముందుకాళ్లు, అన్నీ ఒకే వాలు. మిగతావాటికి గిట్ట గోడ మందం కాబట్టి ఓర్చుకున్నాయి. చిటపటది పలచన, అందుకే పగిలింది.

చివరి గుర్రం కాలు దించేసరికి కోడలి ఉత్సాహం మీద చన్నీళ్లు పడ్డాయి. పద్నాలుగింటికీ తిండి వేరు, వయసు వేరు, నడక వేరు. ఉమ్మడిగా ఉన్నది ఒక్క మనిషి. ఆయన నడవ చివర నిలబడి టీ తాగుతున్నాడు. నడుం ఎడమకు ఒరిగి ఉంది. రెండేళ్ల క్రితం నడుం పట్టేసి పదిహేను రోజులు మంచంలో ఉన్నాక ఆయన అలాగే నిలబడుతున్నాడు. ఇంట్లో అందరికీ అలవాటైపోయి ఎవరూ గమనించడం మానేశారు. ఏం దొరికిందని టీచరమ్మ అడిగితే, రేపు చెప్తానంది కోడలు.

ఆ సాయంత్రం కోడలు మొగుడికి చెప్పింది. ఆయన నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసుకున్నాడు.

"నాన్నకి చెప్తావా?"

"చెప్పాలి కదండీ."

"చెప్పేరోజు నాకు ముందే చెప్పు. నేను పక్కవీధిలో కొలతలు తీసుకుంటా."

"మీరెప్పుడూ ఇంతే!"

"ఆయన కోపం నీకు తెలీదు. కుట్టుపని నేర్చుకునేటప్పుడు నేను కాజా వంకరగా కుడితే నన్ను కాదు, మా మాస్టర్ని తిట్టాడు. అలాంటిది ఆయన చేయే వంకరని చెప్తావా? అవునూ, నా టేపు ఏది?"

కోడలు టేపు సంగతి దాటేసింది. చెప్పకుండా పని జరిగే దారి ఏమైనా ఉందా అని ఆలోచించింది. పని మొత్తం తనే చేసేస్తే? చేస్తుంది, బంగారంలా చేస్తుంది. తీరా చివర్లో ఆయన ఆకురాయి పట్టుకుని వస్తాడు. రెండు రుద్దులు. బయటివైపు రెండు అగ్గిపుల్లల మందం అరిగిపోతుంది, లోపలి మడమ మళ్లీ ఎత్తుగా మిగులుతుంది. చిటపట వెళ్లిపోతుంది. దారి లేదు.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టింది. పాత లాడం ఊడదీసింది. లోపలి మడమను పొరలు పొరలుగా చెక్కుతూ, కొలుస్తూ, మళ్లీ చెక్కుతూ చదునుకు తెచ్చింది. పగులు కింద మాత్రం ఇంకో వెంట్రుకవాసి ఎక్కువే తీసింది, అక్కడ లాడం ఆనకుండా, బరువు పడకుండా. గిర్రున తిరిగే చిన్న మిషనుతో పగులులో కుళ్లిన నల్లటి భాగమంతా తొలిచింది. మందునీళ్లతో కడిగింది, ఆరబెట్టింది. పగులుకు అటూ ఇటూ సన్నటి రంధ్రాలు వేసి, బూటులేసు అల్లినట్టు స్టీలు తీగ అల్లి బిగించింది. దానిమీద లప్పం పూసింది. లోపల తడి చేరితే బయటికి రావడానికి కింద సన్న దారి వదిలింది. ఆమె నుదుటి మీది చెమట గిట్ట మీద పడుతుంటే భుజంతో తుడుచుకుంది. చిటపట ఆశ్చర్యంగా ఒక్కసారి కూడా కాలు లాక్కోలేదు.

మామగారు పక్కనే నిలబడి అంతా చూశాడు. "లప్పం బాగా పూశావు" అన్నాడు. ఆయన నోట అంత మెచ్చుకోలు రావడమే గొప్ప. ఆ వెంటనే ఆకురాయి తీసుకుని వచ్చాడు.

"జరుగమ్మా. ఆఖరి చేయి."

కోడలు కాలు వదల్లేదు. "వద్దు మామయ్యా."

"ఏం, చెయ్యి నొప్పా? నేనున్నాగా."

"మీ చేయి ఒరుగుతోంది మామయ్యా." అనేసింది. ఇక ఆపుకోలేకపోయింది. "నడుం పట్టేసినప్పటినుంచి కుడి ముందుకాలు పట్టుకుంటే మీరు ఎడమకి వాలిపోతున్నారు. మీకు చదునుగా కనిపించేది చదును కాదు. లోపలి మడమ ఎత్తు మిగిలిపోతోంది. అందుకే ఇది పగులుతోంది. ఇదొక్కటే కాదు, పద్నాలుగూ అలాగే ఉన్నాయి."

మామగారు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా? నీకు సుత్తి పట్టుకోవడం నేర్పిందెవరు?"

"మీరే మామయ్యా."

"గిట్ట చూడ్డం నేర్పిందెవరు?"

"మీరే. నేర్పారు కాబట్టే చూశా."

 ఆయన కోపం రెట్టింపైంది. సరిగ్గా ఆ సమయానికి దర్జీ మొగుడు గుమ్మంలో తల పెట్టాడు. "నా టేపు ఇక్కడేమైనా..." అని ఇద్దరి మొహాలూ చూసి వెనక్కి తిరగబోయాడు.

"ఏవండీ, ఆగండి! ఈ తాడు పట్టుకోండి!" అని కోడలు చిటపట తాడు ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన కొయ్యబారిపోయాడు. చిటపట ఆయన చొక్కా కాలరు వాసన చూసింది.

"మామయ్యా, ఈ స్టూలు మీద కూర్చోండి. కళ్లు మూసుకోండి."

"ఎందుకు?"

"మీ కంటిని నేను నమ్మను, నా కంటిని మీరు నమ్మరు. మీ చెవి ఒరగలేదు కదా. వినండి చాలు."

మామగారు కూర్చున్నాడు. కోపంతోనే కూర్చుని, కోపంతోనే కళ్లు మూసుకున్నాడు. కోడలు పరుగున వెళ్లి నల్లగుర్రాన్ని విప్పి ఆయన ముందునుంచి నడిపించింది. టక్, టక్, టక్, ట-టక్. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇంకోటి" అన్నాడు.

తెల్లమచ్చలది వచ్చింది. ట-టక్. "ఇంకోటి." మూడోది. నాలుగోది. కోడలు ఒకదాన్ని కట్టేసి ఇంకోదాన్ని విప్పి, నడవలో ఆ కొసకీ ఈ కొసకీ పరుగులు పెడుతోంది. టీచరమ్మ కూడా చీరకుచ్చిళ్లు ఎగదోపుకుని రెండు గుర్రాలు అందించింది. శాలంతా డెక్కల చప్పుడు. ఏడో గుర్రానికి మామగారి మొహంలో కోపం పోయింది. పదో గుర్రానికి మొహంలో రంగే పోయింది. పదమూడో గుర్రం దాటాక ఆయన "ఇంకోటి" అనలేదు.

"ఇప్పుడు చిటపట" అంది కోడలు. "ఏవండీ, నడవండి."

"నేనా?"

"మీరే! మీరు నడిస్తే అదే వస్తుంది!"

దర్జీ కళ్లు మూసుకుని నడిచాడు. చిటపట ఆయన వెనకే వచ్చింది. లాడం లేని గిట్ట కాబట్టి చప్పుడు మెత్తగా ఉంది, నడకలో ఇంకా కాస్త కుంటు ఉంది. అయినా ఆ కుడి ముందుకాలు ఒక్కసారే దిగింది. టక్. మళ్లీ టక్. మళ్లీ.

మామగారు కళ్లు తెరవలేదు. "మళ్లీ నడిపించు" అన్నాడు. మళ్లీ నడిపించారు.  "లాడం వెయ్యమ్మా" అని మాత్రం అన్నాడు.

ఆ రోజునుంచి ఆయన మాటలు తగ్గిపోయాయి. కానీ రోజూ శాలకు వచ్చాడు. కోడలు మిగతా పదమూడు గుర్రాల కాళ్లు ఒక్కొక్కటే సరిచేస్తుంటే, ఆయన స్టూలు మీద కళ్లు మూసుకుని కూర్చుని వినేవాడు. బాగుంటే "ఊఁ". బాగోకపోతే "ఊహూఁ". ఊహూఁ అన్నాడంటే కోడలు మారుమాట లేకుండా కాలు మళ్లీ ఎత్తేది. రెండుసార్లు ఆమె కొలత తప్పింది గాని ఆయన చెవి తప్పలేదు.

ఇక చిటపట గిట్ట! కోడలికి రాత్రి ఎప్పుడు తెల్లారుతుందా, ఎప్పుడు వెళ్లి చూద్దామా అన్నట్టు ఉండేది. తొమ్మిదో రోజున చర్మం అంచు కింద గోరంచు మందంలో కొత్త గిట్ట కనిపించింది. పగులు లేదు. ఇరవయ్యో రోజున గోధుమగింజ వెడల్పు. పగులు లేదు. ఇరవైమూడో రోజున సరిగ్గా ఆ చోటే నిలువునా నల్లటి గీత కనిపించింది. కోడలు కెవ్వుమంది. మామగారు స్టూలు తన్నేసి వచ్చాడు. గోటితో ఆ గీతను గోకాడు. గీత ఊడి ఆయన గోటికి అంటుకుంది. అది బురదలో అతుక్కుపోయిన తోక వెంట్రుక.

"చంపేశావు కదమ్మా" అన్నాడు మామగారు. ఇద్దరూ నేలమీద కూలబడ్డారు.

నలభయ్యో రోజున డాక్టరుగారు వచ్చాడు. పొడుగాటి మనిషి, తొందరపడడు. చిటపట కాలు ఎత్తి చూశాడు, దించి చూశాడు. వెంట్రుకల అంచు నుంచి బొటనవేలి గోటిని మెల్లగా కిందికి జార్చాడు.  టీచరమ్మ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుంది. గోరుకు ఎక్కడా పగులు తగల్లేదు. చిటికెన వేలి వెడల్పు దాకా అద్దంలా జారి, పాత పగులు దగ్గర ఆగింది.

"పరుగెత్తించండి" అన్నాడు డాక్టరు.

కోడలు తాడు పట్టుకుని గట్టినేల మీద పరుగెత్తింది. పక్కన చిటపట తల ఎగరేస్తూ, తోక ఎత్తి, ఇంత ఆలస్యం చేశారేమని అందరి మీదా కోప్పడుతున్నట్టు పరుగెత్తింది. ఎక్కడా కుంటు లేదు. తిరిగొచ్చేసరికి టీచరమ్మ ఏడుస్తోంది. "ఉంటుంది. ఇది ఇక్కడే ఉంటుంది. ఎక్కడికీ పోదు" అని ముగ్గురికీ మూడుసార్లు చెప్పింది.

డాక్టరు కాగితాల అట్ట తీశాడు. "చక్కగా దిగింది. అసలు మూడుసార్లు ఎందుకు పగిలినట్టు? కారణం రాయాలి."

కోడలు మామగారి వైపు చూడలేదు. ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. జవాబు నాలుగు రోజులుగా సిద్ధం చేసి పెట్టుకుంది. "నేల తడండీ. వానలకి నాని గిట్ట మెత్తబడి..."

"కాదండీ" అన్నాడు మామగారు.

"మామయ్యా, మీరు ఉండండి."

"నువ్వుండమ్మా. తడి అని రాస్తే రేపు ఇంకో శాలలో ఎవరో నేల తుడుచుకుంటూ కూర్చుంటారు, గుర్రం కుంటుతూనే ఉంటుంది." ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు, ఎడమకు ఒరిగే నిలబడ్డాడు. "కారణం నేనండీ డాక్టరుగారూ. నా నడుం ఒరిగింది, దాంతో నా చేయి ఒరిగింది. రెండేళ్లు అన్ని గుర్రాలకీ కుడికాలు వంకరగా రుద్దాను. నాకు తెలియలేదు. తెలిసినవాళ్లు చెప్తే తిట్టాను. అలాగే రాయండి."

 డాక్టరు ఆ పెద్దమనిషి వైపు చూశాడు. తర్వాత తల వంచి అలాగే రాశాడు. "మరి సరిచేసింది ఎవరు? ఆ పేరు కూడా రాయాలి" అన్నాడు.

మామగారు నలభై రోజుల్లో మొదటిసారి నవ్వాడు. "మా కోడలు. ఈ శాలకి ఇకనుంచి లాడాలు వేసేది ఆమే. నేను పక్కన కూర్చుని వింటా."

మూడేళ్లుగా సుత్తి దెబ్బలు, గుర్రపు తన్నులు, మామగారి తిట్లు అన్నీ నవ్వుతూ తిన్న మనిషి ఆ ఒక్క మాటకు తట్టుకోలేకపోయింది. చిటపట మెడలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చిటపట ఈసారి కోప్పడలేదు.